ఒక్కరే వెళ్తే నంద్యాల, ఆళ్లగడ్డ

ప్రశ్న: రెండు రోజులు ఒక్కదాన్నే నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తిరిగి రావాలనుంది. ఏం చూడాలి, ఏం తినాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పకుండా వెళ్లండి. బస నంద్యాలలో పెట్టుకుంటే అన్నిటికీ వీలు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు పెట్టి పుట్నాల పొడి చల్లుతారు. వేడి మీదే దాని రుచి, అందుకే జనం మూగిన చోటే తినండి. తర్వాత మహానంది గుడికి వెళ్లండి. అక్కడి కోనేట్లో నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. నవనందులనే తొమ్మిది శివాలయాల్లో ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాల ఊళ్లోనే ఉన్నాయి. సాయంత్రం ఆటోలో చూసి రావచ్చు.

రెండో రోజు తెల్లవారుజామునే అహోబిలం బయలుదేరండి. దిగువ, ఎగువ ఆలయాలకు ఒక్కరే వెళ్లొచ్చు. జ్వాలా నరసింహుడి గుడి, ఉగ్రస్తంభం దారి మాత్రం నల్లమల అడవిలో రాళ్ల మీదుగా సాగుతుంది. అటు ఒంటరిగా అస్సలు వద్దు, దారి తెలిసిన స్థానికుణ్ణి వెంట తీసుకెళ్లండి. వానలప్పుడు అక్కడి భవనాశిని వాగు పొంగితే ఆ ఆలోచనే మానుకోండి.

తిరుగు దారిలో ఆళ్లగడ్డలో దిగి శిల్పుల పని చూడండి. రాతిబండలోంచి దేవుడి ముఖం మెల్లగా తేలడం చూస్తే కదలబుద్ధి కాదు. నాకు ఈ ప్రయాణమంతటిలో అదే ముఖ్యం. ఫొటో తీసే ముందు మాత్రం అడగండి. భోజనానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు. శాకాహారులైతే జొన్నరొట్టె, గుత్తివంకాయ. సంగటి ముందు ఒక్క ముద్దే చెప్పండి, కడుపు నిండిపోతుంది.