అపెండిక్స్ కొసన గడ్డ: పేగు కూడా తీయాలా?

ప్రశ్న: మా పన్నెండేళ్ల పాపకు అపెండిక్స్ తీశారు. బయాప్సీలో కొసన 8 మి.మీ. కార్సినాయిడ్ గడ్డ ఉందన్నారు. మళ్లీ ఆపరేషన్ చేసి పేగు తీయించాలా?
– ఒక తల్లి, కాణిపాకం

జవాబు: కోత అంచున గడ్డ మిగలలేదని రిపోర్టు చెబుతుంటే, అక్కర్లేదమ్మా. మామూలు పేగు క్యాన్సర్ల నుంచి 1907లోనే జర్మన్ వైద్యుడు ఓబెర్న్‌డార్ఫర్ వేరుచేసి చూపిన గడ్డ ఇది. పిల్లల్లో అరుదు, సెంటీమీటరు లోపుండి పూర్తిగా తీసేస్తే తిరిగి రావడం దాదాపు ఉండదు. ‘ముందుజాగ్రత్తగా పేగు తీస్తే పోదా?’ అనిపించడం సహజమే. కానీ ఒకటి, రెండు సెంటీమీటర్ల మధ్య గడ్డలకు సైతం దానివల్ల అదనపు మేలు లేదని 2023లో వెలువడిన యూరప్ అధ్యయనం తేల్చింది. మేలు లేనప్పుడు ఎదిగే బిడ్డకు అంత పెద్ద కోత ఎందుకు? రెండు సెంటీమీటర్లు దాటితే లెక్క వేరు. బయాప్సీ స్లైడ్లను తిరుపతి స్విమ్స్‌లోనో వేలూరు సీఎంసీలోనో మరోసారి చూపించి అంచుల సంగతి, గ్రేడ్ (గడ్డ ఎంత వేగంగా పెరిగే రకమో) అడగండి.