దవడ కీలు – దాని కష్టాలు



ఖోఖో ఆడుతూ మోకాలు బెణికితే మనకి వెంటనే తెలుస్తుంది. బకెట్లు మోసి భుజం పట్టేస్తే తెలుస్తుంది. కానీ తెల్లారి లేచిన దగ్గర్నుంచి రాత్రి దీపాలు ఆర్పేదాకా మనం వాడుతూనే ఉండే కీలు ఇంకొకటి ఉంది. అన్నం నమలాలన్నా, ప్రార్థన పాడాలన్నా, ఎక్కాలు అప్పజెప్పాలన్నా, స్టడీ అవర్‌లో ఆవలించాలన్నా అదే. అదే దవడ కీలు. ఒకటి కాదు, రెండున్నాయి. కుడి చెవి ముందు ఒకటి, ఎడమ చెవి ముందు ఒకటి.

నమ్మకపోతే ఇప్పుడే చూసుకోండి. రెండు చూపుడు వేళ్ళూ చెవి రంధ్రాలకు కొంచెం ముందు పెట్టి, మెల్లగా నోరు తెరిచి మూయండి. వేలి కింద ఒక గుండ్రటి ఎముక కదులుతుంది. అది కింది దవడ ఎముక చివర ఉండే బుడిపె. పై దవడ అసలు కదలదు, కదిలేదంతా కింది దవడే. సంస్కృతంలో దవడను హనువు అంటారు. హనుమంతుడి పేరు దాన్నించే వచ్చిందని తెలుగు మాస్టారు చెప్పారు. చిన్నప్పుడు ఇంద్రుడి వజ్రాయుధం తగిలి ఆయన దవడ దెబ్బతిందని కథ.

కీళ్ళ పాఠంలో మనం మడత బందు కీలు, జారెడు కీలు అని విడివిడిగా చదివాం. దవడ కీలు మాత్రం ఆ రెండు పనులూ చేస్తుంది. నోరు కొంచెం తెరిచినప్పుడు తలుపు బందులాగా తిరుగుతుంది. ఇంకా పెద్దగా తెరిస్తే బుడిపె తన గుంటలోంచి ముందుకి జారుతుంది. మూసేటప్పుడు మళ్ళీ వెనక్కి వస్తుంది. పైగా రెండు వైపులా ఉన్న కీళ్ళు ఒకేసారి కలిసి పనిచెయ్యాలి. ఒకటి మొరాయిస్తే రెండోది ఒక్కతే లాగలేదు.

బుడిపెకీ, పుర్రెలో ఉన్న గుంటకీ మధ్య ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. ఇది ఎందుకో నాకు కావడితో పోల్చుకుంటే బాగా అర్థమయింది. మన నాన్నలు కావడి మోసేటప్పుడు భుజం మీద తువ్వాలు మడత పెట్టుకుంటారు కదా. బద్ద భుజానికి ఒరుసుకోకుండా ఆ మడత కాస్తుంది. నడుస్తుంటే ఒక్కోసారి మడత ముందుకి జారిపోతుంది, బద్ద ఎముకకి తగులుతుంది. భుజం ఎగరేసి సర్దుకుంటారు. దవడలోని బిళ్ళ కూడా కొందరికి అలాగే ముందుకి జారి ఉంటుంది. నోరు తెరిచినప్పుడు బుడిపె ఆ బిళ్ళ మీదకి మళ్ళీ ఎక్కుతుంది. అప్పుడు వచ్చేదే ‘టక్’ మనే చప్పుడు.

ఈ చప్పుడు వినగానే భయపడిపోయే వాళ్ళున్నారు. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉత్త టక్ మని చప్పుడొస్తే అది జబ్బు కాదు. చాలామందికి అలా ఉంటుంది, వైద్యం అక్కర్లేదు. అందర్నీ పిలిచి మాటిమాటికీ టక్ మనిపించి చూపించడం మాత్రం మానెయ్యాలి, కీలుకి అది మంచిది కాదు.

అసలు గమనించాల్సింది ఇంకొకటి. ఇన్నాళ్ళూ టక్ మంటున్న దవడ ఒక రోజు హఠాత్తుగా చప్పుడు మానేసి, దాంతోపాటు నోరు సగమే తెరుచుకుంటే నయమైపోయిందని అనుకోకూడదు. బిళ్ళ ముందుకి జారి అక్కడే ఉండిపోయింది, బుడిపె దాని మీదకి ఎక్కలేకపోతోంది అన్నమాట. దీన్ని దవడ బిగిసిపోవడం అంటారు. అద్దంలో చూస్తే నోరు తెరిచినప్పుడు గడ్డం బిగిసిన వైపుకి ఒరుగుతుంది. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలవడానికి స్కేలు కూడా అక్కర్లేదు. మీ చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మూడూ కలిపి, నిలువుగా ముందు పళ్ళ మధ్య పెట్టండి. మూడూ పడితే సరిపోయినట్టే. పెద్దవాళ్ళకి సుమారు 40 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువే తెరుచుకుంటుంది. రెండు వేళ్ళే పడుతుంటే, నిన్నటిదాకా మూడు పట్టేవైతే, చెప్పాల్సిన సంగతే.

అయితే దవడ నొప్పుల్లో ఎక్కువ భాగం బిళ్ళ వల్ల రావు, కండరాల వల్ల వస్తాయి. బుగ్గ వెనక భాగంలో చెయ్యి పెట్టి పళ్ళు బిగించండి, గట్టిగా ఉబికేది నమిలే కండరం. కణత దగ్గర ఇంకొకటి ఉంది. రాత్రి నిద్రలో పళ్ళు కొరికే వాళ్ళకీ, పరీక్షలప్పుడు తెలియకుండానే పళ్ళు బిగించి కూర్చునే వాళ్ళకీ ఈ కండరాలు అలిసిపోతాయి. పొద్దున్న లేవగానే దవడ బరువుగా ఉంటుంది, కణతలు నొప్పెడతాయి. పళ్ళు కొరికితే ‘కడుపులో పురుగులున్నాయి’ అని మన ఊళ్ళల్లో అంటారు. పురుగుల వల్లే పళ్ళు కొరుకుతారని రుజువేమీ లేదు. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకోవాల్సిందే, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. పోయిన ఏడాది పరీక్షల ముందు మా డార్మిటరీలో ఒక చెల్లికి చెవి నొప్పి వచ్చింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోశారు. తగ్గలేదు. ఇంకో రెండు రోజులు పోశారు. ఆ పిల్ల కంచంలో అన్నం వదిలేయడం మొదలుపెట్టింది. ‘కూర నచ్చలేదా, ఇంటి మీద బెంగా’ అని అందరూ అడిగారు. కొందరు సాకులు చెప్తోందన్నారు. దాదాపు మూడు వారాలు అలా గడిచింది, మనిషి చిక్కిపోయింది. చివరికి పి.హెచ్.సి.లో డాక్టరు గారు లైటు వేసి చూస్తే చెవి శుభ్రంగా ఉంది. ఆయన చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమన్నారు. అక్కడ నొక్కగానే ‘అమ్మా’ అంది. నొప్పి దవడ కీలుది!

చెవికీ దవడకీ ఏమిటి సంబంధం అంటే, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. దవడ కీలుకి వెళ్ళే నాడి కొమ్మే చెవి ముందు భాగానికి కూడా వెళ్తుంది. అది మెదడు నుంచి వచ్చే అయిదో నాడికి చెందినది. అందుకని నొప్పి ఎక్కడిదో మనకి సరిగ్గా తెలియదు. పెద్ద పెద్ద డాక్టర్లకే ఇది చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు 1934లో చెవి బాధలకీ దవడ కీలుకీ ముడిపెట్టి రాశాడు. ఆయన చెప్పిన కారణాలు అన్నీ తర్వాత నిలబడలేదు గానీ, చెవిలో తప్పు కనబడకపోతే దవడ చూడాలన్న మాట నిలబడింది. నమిలినప్పుడు, ఆవలించినప్పుడు నొప్పి పెరిగితే దవడని అనుమానించాలి. చెవిలోంచి చీము కారుతూ, వినబడటం తగ్గితే చెవినే అనుమానించాలి. రెండిట్లో దేనికీ నూనె పొయ్యకండి.

దవడ బాధలన్నీ కీలువే అనుకున్నా ప్రమాదమే. జ్వరం వచ్చి చెవి కింద బుగ్గ ఉబ్బితే గవదబిళ్ళలు కావచ్చు. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, హాస్టల్లో వెంటనే చెప్పాలి. పుచ్చిన పన్ను చీము పట్టినా నోరు తెరుచుకోదు. కాలికి మేకో ముల్లో గుచ్చుకున్న కొన్ని రోజులకి దవడ బిగిసి, మెడ కూడా పట్టేస్తే అది ధనుర్వాతం. ప్రాణానికే ముప్పు, ఒక్క పూట కూడా ఆగకూడదు. 10 ఏళ్ళకీ 16 ఏళ్ళకీ వేసే టీ.డీ. సూది దాని కోసమే, సూదంటే పారిపోయే వాళ్ళు ఇది చదవాలి.

ఇంకొకటి గుట్కా, వక్కపొడి పొట్లాలు. ఇవి నమిలే వాళ్ళకి బుగ్గ లోపలి చర్మం తెల్లబడి, తాడులా గట్టిపడుతుంది. కారం తగిలితే మంట. రోజురోజుకీ నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. మూడు వేళ్ళు పట్టే నోట్లో ఒక వేలు కూడా పట్టని స్థితి వస్తుంది. ఇది కీలు జబ్బు కాదు, కీలు బాగానే ఉంటుంది, బుగ్గే సాగదు. కొందరిలో ఇది క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు కలపని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అన్నలకి, మామయ్యలకి మూడు వేళ్ళ పరీక్ష పెట్టండి. నేను మా ఇంట్లో పెట్టాను. మా మామయ్యకి రెండు వేళ్ళే పట్టాయి, ఆ రోజు మళ్ళీ పొట్లం చింపలేదు. తర్వాత సంగతి మా అత్త చెప్పాలి.

బిగిసిపోవడానికి పూర్తి వ్యతిరేకం ఒకటి ఉంది. పెద్దగా ఆవలించినప్పుడు బుడిపె మరీ ముందుకి జారి గుంట బయట ఇరుక్కుంటే, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. మాట రాదు, చొంగ కారుతుంది. చూసేవాళ్ళకి భయమేస్తుంది, గాలి సోకిందని దిసారి దగ్గరికి తీసుకెళ్ళే వాళ్ళున్నారు. అది దవడ జారడం, అంతే. గడ్డం మీద కొట్టకూడదు, బలవంతంగా మూయకూడదు. తువ్వాలు అడ్డం పెట్టి, ధైర్యం చెప్పి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాక్టరు బొటనవేళ్ళకి గుడ్డ చుట్టుకుని, కింది దవడ పళ్ళ మీద పెట్టి, కిందికీ వెనక్కీ నొక్కితే బుడిపె గుంటలో పడుతుంది. ఈ పద్ధతి ఎంత పాతదో తెలుసా? ఈజిప్టులో సుమారు 3600 ఏళ్ళ నాటి ఒక వైద్య గ్రంథం దొరికింది. పపైరస్ మీద రాసినది. 1862లో కొన్న ఎడ్విన్ స్మిత్ అనే ఆయన పేరు దానికి పెట్టారు. అందులో 25వ రోగి దవడ జారిన మనిషే. బొటనవేళ్ళు నోట్లో పెట్టి, మిగతా వేళ్ళు గడ్డం కింద పెట్టి వెనక్కి తోయమని రాసి ఉంది!

మామూలు దవడ నొప్పికి వైద్యం పెద్దదేమీ కాదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కీలుకి విశ్రాంతి ఇవ్వాలి. చెరకు, వేయించిన శనగలు, చింతపిక్కలు కొన్నాళ్ళు వద్దు. జామకాయ కొరకకుండా ముక్కలు కోసుకుని తినాలి. పెన్ను కొరకడం, గోళ్ళు కొరకడం, పళ్ళతో సోడా మూత తియ్యడం మానాలి. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి, బుగ్గ మీద పది, పదిహేను నిమిషాలు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి. నొప్పి మాత్ర డాక్టరు చెప్తేనే. రాత్రి పళ్ళు బాగా కొరికే వాళ్ళకి దంతవైద్యులు పళ్ళకి తొడుగు చేసిస్తారు. పళ్ళు అరగదీయడం, ఆపరేషను లాంటివి మొదట్లోనే ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకూడదు, చాలామందికి వాటి అవసరమే రాదు.

వార్డెన్ మేడం గారికి, మేట్రన్ అమ్మ గారికి ఒక మనవి. ఎవరైనా రెండు మూడు రోజులు వరసగా కంచంలో అన్నం వదిలేస్తుంటే, కోప్పడే ముందు ఒకసారి మూడు వేళ్ళ పరీక్ష చేయించండి. దవడ నొప్పి ఉన్న పిల్లకి మెత్తగా ఉడికిన పప్పన్నం, చోడి అంబలి, ఉడకబెట్టిన గుడ్డు చితిపి పెట్టించండి. తినడానికి గంట మోగిన తర్వాత పావుగంట ఎక్కువ ఇవ్వండి. వారం దాటినా నోరు పూర్తిగా తెరుచుకోకపోతే పి.హెచ్.సి.కి పంపండి. జ్వరం, వాపు, దెబ్బ ఏది ఉన్నా అదే రోజు పంపండి.

చివరగా, పరీక్షల్లో పళ్ళు బిగించే వాళ్ళకి డాక్టరు గారు ఆ చెల్లికి చెప్పిన చిట్కా. ‘న’ అనండి. నాలుక పై పళ్ళ వెనక ఆనింది కదా? నాలుకని అక్కడే ఉంచి పెదాలు మూయండి. పళ్ళ మధ్య కొంచెం సందు ఉండాలి. తిననప్పుడు, మాట్లాడనప్పుడు దవడ ఉండాల్సిన తీరు అది. ఆ చెల్లి లెక్కల నోట్సు అట్ట లోపల పెద్దగా ‘న’ అని రాసుకుంది. పుస్తకం తెరిచినప్పుడల్లా కనబడుతుంది.