పక్కపక్క చేలు – ఒకటి ఎండింది, ఒకటి నిలిచింది

దసరా సెలవుల్లో మాలో ఒకరి ఊరు వెళ్ళినప్పుడు చూసిన దృశ్యమిది. గట్టుకు ఇటువైపు సాంబ మసూరి సుడులు సుడులుగా ఎండి పడిపోయింది. అటువైపు విజేత (ఎం.టి.యు. 1001) పచ్చగా నిలబడి ఉంది. ఒకే కాలువ నీరు, ఒకే నేల. దోమ రెండు చేలలోనూ ఉంది. మరి ఈ తేడా ఎందుకు? హాస్టల్‌కు వచ్చాక మా జీవశాస్త్రం మాస్టారిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మిత్రులకు చెబుతున్నాం.

అమెరికా శాస్త్రవేత్త పెయింటర్ 1951లో ఈ విషయంపై ఒక గ్రంథం రాశారు. ఆయన లెక్క ప్రకారం మొక్క పురుగును మూడు విధాలుగా ఎదుర్కొంటుంది: పురుగుకు నచ్చకుండా ఉండడం, తిన్న పురుగును ఎదగనివ్వకపోవడం, దెబ్బ తిన్నా కోలుకోవడం.

మొదటిదానికి పత్తి మంచి ఉదాహరణ. ఆకు అడుగున పొడవైన నూగు దట్టంగా ఉన్న రకాలపై పచ్చదోమ సరిగా గుడ్లు పెట్టలేదు. తమాషా ఏమిటంటే, ఆ నూగాకులే తెల్లదోమకు ఇష్టం!

రెండోది వరిలో బాగా కనిపిస్తుంది. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి, ఆహారం ప్రవహించే సన్నని నాళాల్లోకి సూది వంటి నోటిని దించి రసం పీలుస్తుంది. కొన్ని నిరోధక రకాల్లో అలా గుచ్చిన చోట కాలోస్ అనే పదార్థం పేరుకుని నాళం మూసుకుపోతుంది. దోమ మళ్ళీ మళ్ళీ గుచ్చుతుంది గాని కడుపు నిండదు. గుడ్లు తగ్గుతాయి, పిల్లలు చస్తాయి. ఉల్లికోడు విషయంలోనూ అంతే. మామూలు రకంలో పురుగు మొవ్వులో చేరితే పిలక ఉల్లికాడలా గొట్టమై, కంకి రాదు. నిరోధక రకంలోనూ పురుగు లోపలికి వెళుతుంది, కాని కొద్దిరోజుల్లోనే చస్తుంది.

అయితే పురుగు ఊరుకోదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో సుడిదోమను తట్టుకునే ఐ.ఆర్. 26 ఇచ్చింది. రెండు మూడేళ్ళలోనే దాన్నీ తినగల దోమలు పెరిగాయి. ఒకే జన్యువుపై ఆధారపడితే వచ్చే చిక్కు ఇది. మన దేశంలో ఉల్లికోడులో ఏడు జీవరూపాలను గుర్తించారు. ఒకదాన్ని ఆపిన వరి రకం మరొకదాన్ని ఆపలేకపోవచ్చు. అందుకే శాస్త్రవేత్తలు కేరళలోని పట్టాంబి నుంచి వచ్చిన పి.టి.బి. 33 లాంటి పాత రకాల్లో ఒకటికి మించిన జన్యువుల కోసం వెతుకుతుంటారు.

తట్టుకునే రకమంటే దోమ అసలు రాదని కాదు. యూరియా ఎక్కువైనా, నాట్లు మరీ దగ్గరైనా దోమ పెరుగుతుంది. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమనేది దుబ్బుల మొదళ్ళకు గాలి, వెలుతురు తగలడానికే.

ఇన్ని తెలిశాక మా మిత్రుడి నాన్నను అడిగాం, “మరి సాంబ ఎందుకు వేశారు బాబాయ్?” అని. బాపట్ల నుంచి 1986లో వచ్చిన ఆ సన్నబియ్యానికి రేటు ఎక్కువ. కౌలు ముందే ఖాయం. “ముతక ధాన్యం అమ్మితే కౌలు పోను మనకేం మిగులుద్దిరా?” అన్నాడాయన. మా పుస్తకాల్లో దానికి జవాబు దొరకలేదు. ఆ రాత్రి చాలాసేపు లెక్కలు వేశాక, వచ్చే ఖరీఫ్‌లో అరెకరంలో విజేత వేయడానికి మాత్రం ఒప్పుకున్నాడు.