సభ్యుల విద్య: అడ్మినిస్ట్రేటర్ అధికారం లేకుండా సొంత ఫోల్డరులో ప్రోగ్రాం అమర్చుకొనుట

ఈనాడు అనేక పాల సంఘాలలో లెక్కలు కంప్యూటరు మీదనే నడుస్తున్నవి. ఒకే యంత్రం మీద కార్యదర్శి, పాలు పరీక్షించే వ్యక్తి, గుమాస్తా వేర్వేరు ఖాతాలతో పనిచేయవచ్చును. ఇటువంటి చోట ఎవరికైనా కొత్త ప్రోగ్రాం కావలసివస్తే వెంటనే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతారు. చాలా సందర్భాలలో దాని అవసరం లేదు. లైనక్స్ యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయం తెలుసుకుందాము.

ఉమ్మడిది, సొంతది

సంఘం బల్క్ కూలరు మార్చాలంటే పాలకవర్గం తీర్మానం కావాలి. మీ ఇంటికి కొత్త బిందె కొనుక్కోవడానికి ఏ తీర్మానమూ అక్కరలేదు. 1969లో బెల్ లేబొరేటరీస్‌లో మొదలైన యూనిక్స్ పద్ధతిలోనూ ఇదే కట్టుబాటు ఉన్నది. 1991లో వచ్చిన లైనక్స్ దానినే అనుసరించినది. 'యూఎస్ఆర్' వంటి ఉమ్మడి ఫోల్డర్లలో మార్పులు చేసే అధికారం 'రూట్' అనే అడ్మినిస్ట్రేటర్ ఖాతాది. 'హోమ్' క్రింద మీ పేరున ఉన్న ఫోల్డరులో అధికారం మీది.

అమర్చే పద్ధతి

1. ప్రోగ్రాంను తయారుచేసినవారి వద్దనుండే తెచ్చుకొనండి. వారు ప్రకటించిన చెక్‌సమ్ సంఖ్యతో సరిచూడండి.

2. సోర్స్ రూపంలో దొరికే అనేక ప్రోగ్రాములను 'కాన్ఫిగర్', 'మేక్', 'మేక్ ఇన్‌స్టాల్' అనే మూడు ఆజ్ఞలతో అమర్చుతారు. చోటు చెప్పకపోతే అవి సాధారణంగా 'యూఎస్ఆర్ లోకల్' అనే ఉమ్మడి ఫోల్డరుకు పోబోయి, అనుమతి లేదని ఆగిపోతాయి. కావున కాన్ఫిగర్ ఆజ్ఞలో 'ప్రిఫిక్స్' అనే చోట మీ హోమ్‌లోని 'డాట్ లోకల్' ఫోల్డరును చూపవలెను.

3. ప్రోగ్రాం అందులోని 'బిన్' ఫోల్డరులో చేరుతుంది. యంత్రం ప్రోగ్రాములను వెదికే చోట్ల జాబితా పేరు 'పాత్'. అందులో ఈ బిన్ లేకుంటే, బ్యాష్ వాడేవారు తమ 'బ్యాష్‌ఆర్‌సీ' ఫైలులో చేర్చి టెర్మినల్ మూసి తిరిగి తెరవాలి.

4. పైథాన్ ప్యాకేజీలకైతే హోమ్‌లో ఒక 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' ఏర్పరచి అందులో అమర్చడం మంచిది. పని తీరిన తరువాత ఆ ఫోల్డరు తీసివేస్తే సరిపోతుంది.

ఈ విధంగా కాని పనులు

యంత్ర పరికరాల డ్రైవర్లు, అందరికొరకు నడిచే సర్వీసులు అడ్మినిస్ట్రేటరే అమర్చాలి. హోమ్ నుండి ప్రోగ్రాములు నడవకుండా ఆయన నిషేధించి ఉంటే ఆ నిర్ణయాన్ని దాటే ప్రయత్నం చేయరాదు.

ముఖ్యమైన జాగ్రత్త

రూట్ అధికారం లేదు కనుక నష్టం రాదనుకొనడం పొరపాటు. మీరు నడిపే ప్రోగ్రాం మీ అధికారంతోనే నడుస్తుంది. మీరు చెరపగల ఫైలును అదీ చెరపగలదు. పక్షం బిల్లులు, సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు మీ ఖాతాలో ఉంటే అవి దాని చేతికి అందినట్లే. ఒక్క చెడు ప్రోగ్రాంతో ఊరంతటికీ పాల డబ్బు ఆగిపోవచ్చును. అందుచేత లెక్కలు వేరే ఖాతాలో ఉంచండి. వాటి నకలు యంత్రానికి వెలుపల భద్రపరచండి. సొంతంగా అమర్చినవాటికి అడ్మినిస్ట్రేటర్ చేసే అప్‌డేట్లు వర్తించవు, మీరే చేసుకోవాలి. యంత్రం సంఘానిది కావున, అది ఒప్పుకున్నా పాలకవర్గానికి ముందుగా తెలియజేయడం విధి. బిందె మీదే అయినా, అందులో తెచ్చిన పాలకు కేంద్రంలో పరీక్ష తప్పదు గదా!

అభ్యాసం

1. 'ప్రిఫిక్స్' చూపకపోతే ఏమి జరుగుతుంది?
2. మీ సంఘంలో బిల్లుల ఫైలు ఎవరి ఖాతాలో ఉన్నది? దాని నకలు ఎక్కడ ఉన్నది?