కూరగాయలలోని రంగుల కొలత

సంతకు పోయి చూచినచో ప్రకృతి తన వర్ణసంపదను అచ్చట రాశులుగా పోసినట్లు తోచును. నారింజవన్నె కారట్లు, ఎఱ్ఱని టమాటాలు, పసుపుపచ్చని గుమ్మడిముక్కలు, నిగనిగలాడు మునగాకు, తోటకూర కన్నుల పండువు చేయును. ఈ రంగులు కంటికి ఇంపు గూర్చుటయే కాదు, వీనిలో కొన్నిటికి ఆ కంటిని కాపాడు శక్తియు కలదు. ఏ రంగునకు ఆ శక్తి కలదో, ఎంత కలదో చూపుమాత్రమున తెలియునా? తెలియదు. దానిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయమును కనుగొనిరి.

1831లో జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వాకెన్‌రోడర్ కారట్ దుంపనుండి ఒక వర్ణద్రవ్యమును వేఱుచేసి, దానికి కెరొటిన్ అని పేరిడెను. తరువాత అట్టివి పెక్కులు బయల్పడినవి. వీనికన్నిటికిని కెరొటినాయిడులని పేరు. వీనిలో బీటా-కెరొటిన్ మన శరీరమున విటమిన్ ‘ఏ’గా మారును. ఆ విటమిను చాలనిచో మొదట రేచీకటి కలుగును. లోపము ముదిరినచో పసిబిడ్డల చూపు శాశ్వతముగా పోవచ్చును. టమాటాకు ఎఱుపు నిచ్చు లైకోపీన్, ఆకుకూరలలోని ల్యూటీన్ కూడ కెరొటినాయిడులే. కాని అవి విటమిన్ ‘ఏ’గా మారవు. బీటుదుంప ఎఱుపు ఈ జాతికే చెందదు. ఆకుకూరలలోనో, పత్రహరితపు పచ్చదనము చాటున బీటా-కెరొటిన్ దాగియుండును. కావున రంగును చూచి ఆహారపు విలువను నిర్ణయింపరాదు. కలిసియున్న రంగులను ముందు విడదీయవలెను, పిదప కొలవవలెను.

విడదీయు మార్గమును చూపినవాడు రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిహయీల్ త్స్వెత్. ఆయన వార్సా నగరమున పనిచేయుచు 1903లో తన పద్ధతిని గూర్చి ప్రసంగించెను. 1906లో దానిని వివరముగా ప్రకటించెను. సన్నని గాజుగొట్టములో సుద్దపొడిని కూరి, ఆకుల రంగులు కరగిన ద్రవమును పైనుండి పోసెను. దాని వెంటనే రంగులేని శుద్ధ ద్రావణిని పోయుచుండెను. సుద్దను గట్టిగా అంటుకొను రంగులు పైననే నిలిచినవి; అంటుకొననివి క్రిందికి జారినవి. ఒకే పచ్చదనముగా కనిపించిన ద్రవము ఆకుపచ్చ, పసుపుపచ్చ పట్టెలుగా విడిపోయెను. కెరొటిన్ అన్నిటికంటె ముందుగా దిగెను. ఈ పద్ధతికి ఆయన క్రోమటోగ్రఫీ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దీనికి ‘రంగుల వ్రాత’ యని అర్థము. చిత్రమేమనగా, రష్యను భాషలో త్స్వెత్ అనగా రంగే!

ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులలో పలువురు ఆ పద్ధతిని ఆదరింపలేదు. సుద్దపొడిలో రంగులు మార్పు చెందునేమోయని కొందరు శంకించిరి. 1919లో త్స్వెత్ నలువదియేడేండ్ల వయసున మరణించెను. 1931లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరమున రిచర్డ్ కూన్, ఎడ్గార్ లెడరర్ ఆ మార్గమునే అనుసరించి, కారట్ కెరొటిన్‌ను ఆల్ఫా, బీటా అను రెండు పదార్థములుగా వేఱుచేసిరి. అప్పుడు గాని త్స్వెత్ పద్ధతి విలువను లోకము గుర్తింపలేదు.

నేడు ఆ గాజుగొట్టమునకు మారుగా అధిక పీడనమున పనిచేయు ఉక్కుగొట్టము వచ్చినది. మొదట కూరగాయను తూచి, మెత్తగా నూఱి, ఎసిటోను వంటి ద్రావణితో రంగు పూర్తిగా దిగువఱకు కడుగుదురు. కెరొటినాయిడులకు వెలుతురు, వేడి, గాలి శత్రువులు. కావున ఈ పనిని మసక వెలుతురులో, చల్లదనమున, త్వరగా ముగింపవలెను. పిమ్మట ఆ సారమును రవ్వంత గొట్టములోనికి ఎక్కింతురు. గొట్టములో నూనె స్వభావముగల పూత పూసిన సన్నని సిలికా రేణువులుండును. పంపు ద్రావణిని నెట్టుచుండగా ల్యూటీన్ ముందు వచ్చును. పూతను బాగుగా అంటుకొను బీటా-కెరొటిన్ చాల వెనుక వచ్చును. త్స్వెత్ గొట్టములో ముందు నడచినది ఇచ్చట వెనుకబడుట గమనింపదగినది.

వెలువడు ద్రవము గుండ సుమారు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల నీలికాంతిని పంపుదురు. కెరొటినాయిడులు ఆ కాంతిని పీల్చును. పీల్చిన కొలదిని యంత్రము శిఖరములుగా గీయును. శిఖరము వచ్చిన సమయమునుబట్టి పదార్థమేదో, దాని వైశాల్యమునుబట్టి అది ఎంత కలదో గ్రహింపవచ్చును. అయితే పోల్చుటకు కొలబద్ద యొకటి కావలెను గదా! అందులకై పరిమాణము తెలిసిన శుద్ధ బీటా-కెరొటిన్‌ను ముందుగా నడుపుదురు. ఒక మిల్లీలీటరున 2 మైక్రోగ్రాములున్న ద్రావణము 100 పాళ్ల వైశాల్యము నిచ్చినదనుకొందము. కూరసారము 150 పాళ్ల నిచ్చినచో, అందు మిల్లీలీటరునకు 3 మైక్రోగ్రాములున్నవి. 5 గ్రాముల కూరనుండి 50 మిల్లీలీటర్ల సారము తీసియున్నచో, ఆ కూరలో 150 మైక్రోగ్రాములు, అనగా 100 గ్రాములకు 3000 మైక్రోగ్రాములు కలవని తేలును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఇంత సూక్ష్మమైన కొలత కంటికి సాధ్యమా?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహారముల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించెను. వానిలో ల్యూటీన్, లైకోపీన్, బీటా-కెరొటిన్ మొదలగువానిని వేఱువేఱుగా చూపిరి. మిలమిల మెఱయు టమాటాకంటె పెరటిలోని మునగాకునందు బీటా-కెరొటిన్ ఎన్నో రెట్లు హెచ్చుగా నున్నదని వానివలన తెలియుచున్నది. కెరొటిన్ కొవ్వులో కరుగును గనుక, ఆకుకూరను కొంచెము నూనెతో వండి తినినచో శరీరమునకు చక్కగా పట్టును.

విద్యార్థులారా! వెలగల వస్తువులోనే బలమున్నదనియు, మెఱయు రంగులోనే సారమున్నదనియు తలపరాదు. మన పెరటిలో ఊరక పెరుగు ఆకు ఒక బిడ్డ కంటివెలుగును నిలుపగలదు. ఊహతో తృప్తి చెందక, ఓర్పుతో విడదీసి కొలిచిన శాస్త్రజ్ఞుల కృషివలననే ఆ సత్యము మనకు తెలిసినది.