డయాలిసిస్ రోగికి పథ్యమే వ్రతం

ఉపన్యాసం ముగిసి మండపం దిగగానే నన్ను అడిగే ప్రశ్నలలో ఒకటి ఇటీవల తరచుగా వినబడుతున్నది. "మా నాన్నగారికి డయాలిసిస్ జరుగుతున్నదండీ. ఏకాదశి ఉండవచ్చునా? తీర్థం పుచ్చుకోవచ్చునా? స్వామికి కొట్టిన కొబ్బరికాయ నీళ్లు ఇవ్వవచ్చునా?" అని అడుగుతారు. ఇస్తే వ్యాధి ముదురునేమో అని ఒక భయం, మానితే అపచారమేమో అని మరొక భయం. ఈ రెండవ భయం వలననే కొందరు చేయరానిది చేసి ప్రాణం మీదికి తెచ్చుకొంటున్నారు. కనుక ఈ విషయం కొంత విపులంగా వ్రాయదలచాను.

నేను వ్యాకరణం, ధర్మశాస్త్రం చదువుకొన్నవాడను, వైద్యుడను కాను. అయితే మా తమ్ముడు కొన్ని సంవత్సరాలుగా వారానికి మూడు పర్యాయాలు డయాలిసిస్ చేయించుకొంటున్నాడు. అతనికి తోడుగా వెళ్లి కూర్చొన్నప్పుడు వైద్యులు, ఆహార నిపుణులు చెప్పినవి శ్రద్ధగా విని వ్రాసుకొన్నాను. వాటిని శాస్త్రంతో సరిపోల్చి చూడగా రెండింటికీ విరోధం నాకు కనబడలేదు.

పథ్యమనగా నేమి?

"పథిన్" అనగా మార్గం. మార్గం నుండి తొలగనిది పథ్యమని పాణిని సూత్రాన్ననుసరించిన వ్యుత్పత్తి. అదే సూత్రంలో ధర్మ్యం, న్యాయ్యం అనే పదాలకు కూడ నిష్పత్తి చెప్పబడినది. అనగా ధర్మం తప్పనిది, న్యాయం తప్పనిది, మార్గం తప్పనిది, ఈ మూడూ ఒకే పంక్తిలోనివి. పథ్యాన్ని రోగికి విధించిన శిక్షగా భావించడం తగదు. అది అతడు నడువవలసిన దారి.

వ్రతానికి భంగం కలిగించని వస్తువులు ఎనిమిది అని ధర్మశాస్త్రంలో ఒక పరిగణన కలదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు అందులో మొదట వస్తాయి; గురువు మాట, ఔషధం చివర వస్తాయి. ఉపవాసమున్నవారు పాలు, పండ్లు పుచ్చుకొనే ఆచారానికి ఇది ఆధారం. అయితే డయాలిసిస్ రోగి విషయంలో ఒక విశేషమున్నది. మొదటి నాలుగూ అతడు కొలిచి పుచ్చుకోవలసినవి. కొలత తప్పితే ప్రమాదం తెచ్చేవి. చివరిదైన ఔషధం మాత్రం అతనికి విడువరానిది. ఇతరులకు నిరపాయమైన ఫలాహారమే అతనికి అపాయం. ఈ ఒక్క సంగతి ఇంటివారు గ్రహిస్తే సగం కష్టం తీరుతుంది.

యంత్రం చేసే పని, చేయలేని పని

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, కావలసినది రక్తంలోనికి తిరిగి పంపి, ఒకటిన్నర లీటరు వరకు మూత్రంగా విసర్జిస్తాయి. వారానికి 168 గంటలూ ఆ పని ఆగదు. యంత్రం మీద డయాలిసిస్ నాలుగేసి గంటల చొప్పున మూడు పర్యాయాలు జరిగినా మొత్తం 12 గంటలే. మన దేశంలో చాలమందికి వారానికి రెండు పర్యాయాలే జరుగుతున్నది. మిగిలిన గంటలన్నిటిలోను తిన్న ఉప్పు, త్రాగిన నీరు, పండ్లలోని పొటాషియం శరీరంలోనే నిలిచియుంటాయి. ఆ గంటలలో రోగిని కాపాడేది పథ్యమే.

తీర్థం, నీరు

మూత్రం ఎంత వస్తున్నదో కొలిచి, దానికి సుమారు అర లీటరు కలిపి, రోజుకు అంత ద్రవం మాత్రమే పుచ్చుకొమ్మని వైద్యులు సాధారణంగా చెబుతారు. మజ్జిగ, చారు, పాయసం, కాఫీ, మంచుముక్క అన్నీ ఆ లెక్కలోనివే. ఒక లీటరు నీరు నిలిస్తే బరువు ఒక కిలో పెరుగుతుంది. రెండు డయాలిసిస్‌ల నడుమ బరువు రెండు, రెండున్నర కిలోలకు మించి పెరిగితే కాళ్లు వాస్తాయి, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది, గుండెకు భారమవుతుంది.

తీర్థం మాటేమి? ఆచమనానికి మినపగింజ మునిగేటంత నీరు చాలునని పెద్దలు చెప్పారు. తీర్థం కూడ ఉద్ధరిణెతో ఇచ్చేదే కదా! మూడు ఉద్ధరిణెలు ఇచ్చినా అది పది, పదిహేను మిల్లీలీటర్లకు మించదు. భయం లేదు. పుచ్చుకొని రోజు లెక్కలో చేర్చుకోవలెను. అయితే ప్రతి సన్నిధిలోను దోసెడు పట్టి త్రాగకూడదు. ఒక చోట స్వీకరించి మిగిలిన చోట్ల శిరస్సున చల్లుకొన్నా చాలును. దాహం ఎక్కువైతే నోరు పుక్కిలించి ఉమ్మివేయడం, చిన్న పాత్రతో కొద్ది కొద్దిగా చప్పరించడం మంచిది. అన్నిటికంటె ముందు ఉప్పు తగ్గించవలెను. ఉప్పు తగ్గనిదే దాహం తగ్గదు.

కొబ్బరినీరు, ఫలాహారం

ఇది అన్నిటికంటె ముఖ్యం. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు ముందుగా ఏ సూచనా లేకుండ గుండె ఆగిపోతుంది. డయాలిసిస్ రోగులలో చాలమందికి రోజుకు 2,000 నుండి 2,500 మిల్లీగ్రాముల లోపు పొటాషియం మాత్రమే అనుమతిస్తారు. ఒక గ్లాసు కొబ్బరినీటిలోనే సుమారు 400 నుండి 600 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక మధ్యరకపు అరటిపండులో సుమారు 400 ఉంటుంది. ఒక కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు, ఇంత ఖర్జూరం కలిస్తే "ఏమీ తినలేదు, ఫలాహారమే" అనుకొన్న నాడే రోగికి గండం.

కొబ్బరినీరు, అరటి, ఖర్జూరం, ఎండుద్రాక్ష, కమలా, బత్తాయి, సపోటా, దానిమ్మ, చెరకురసం, బెల్లం, కంద, చేమ, చిలగడదుంప, బంగాళాదుంప, ఆకుకూరలు, టమాటా వీటిలో పొటాషియం అధికం. అరటిపండ్లు, బెల్లం, ఖర్జూరం కలిపి చేసే పళని పంచామృతం ఎంత పవిత్రమైనా వీరికి వేలికొన మీద రవ్వంత మాత్రమే. ఆపిల్, బేరి, అనాస వంటివి ఒక్కొక్క ముక్క వైద్యుని అనుమతితో తినవచ్చును. కూరలలో బీర, సొర, పొట్ల, దోస, క్యాబేజీ నయం. తక్కిన కూరలు వండవలసి వస్తే చెక్కు తీసి, చిన్న ముక్కలు చేసి, గోరువెచ్చని నీటిలో రెండు గంటలైనా నానబెట్టి, ఆ నీరు పారబోసి, మరల ఎక్కువ నీటిలో ఉడికించి వార్చవలెను. వార్చిన నీటిని చారులో వాడకూడదు. నక్షత్రాకారంలో ఉండే స్టార్ ఫ్రూట్‌ను మాత్రం రుచికి కూడ ముట్టరాదు. మూత్రపిండాలు చెడినవారికి అది మెదడు మీద విషంగా పని చేస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. "ఉద్యానం" అనే మాట నుండి ఆ పేరు వచ్చినదంటారు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస పరిసరాలన్నీ కొబ్బరి, జీడిమామిడి తోటలే. మూత్రపిండాల వ్యాధి ఆ గ్రామాలను దశాబ్దాలుగా పీడిస్తున్నది. కారణమేమో ఇంకను పరిశోధనలోనే ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఇంటి ముందు చెట్టున కాసిన కాయ నీరు ఇంటి పెద్దకు పనికిరాకపోవడం ఎంత కష్టమో అక్కడివారికే తెలియును. ఆ నిగ్రహం ఏ వ్రతానికీ తీసిపోదు.

ఉప్పు, సైంధవం

రోజు మొత్తానికి ఒక చెంచాకు, అనగా ఐదు గ్రాములకు మించి ఉప్పు ఉండరాదు. పులిహోర, ఊరగాయ, అప్పడం, వడియం ఈ లెక్కను ఒక్క పూటలో దాటిస్తాయి. ఉపవాసానికి వాడే సైంధవ లవణం హాని చేయదని కొందరి నమ్మకం. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, మినహాయింపు లేదు. "తక్కువ సోడియం" అని అంగడిలో అమ్మే ఉప్పు మరింత ప్రమాదం, ఏలనగా అందులో సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు.

ఉపవాసం ఉండవచ్చునా?

ఉండకూడదు. కారణం చెబుతాను. డయాలిసిస్ ప్రారంభం కాకముందు వైద్యులు పప్పుదినుసులు తగ్గించమంటారు. ప్రారంభమైన తరువాత విధి మారుతుంది. ప్రతి డయాలిసిస్‌లోను కొంత మాంసకృత్తి సారం రక్తం నుండి పోతుంది కనుక, రోజుకు శరీరపు బరువులో కిలోకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 60 కిలోల మనిషికి 60 నుండి 72 గ్రాములన్న మాట. పాత పథ్యాన్నే పట్టుకొని పప్పు మానివేసిన శాకాహారుల ఇళ్లలో రోగి కండ కరిగి నీరసించడం నేను చూశాను. పెసరపప్పు, పెరుగు, పనీరు, సోయా ఇవి ఎంతెంత అన్నది ఆహార నిపుణుని అడిగి నిర్ణయించుకోవలెను. పాల పదార్థాలలో ఫాస్ఫరస్ కూడ ఉన్నది కనుక కొలత అవసరం. ఫాస్ఫరస్‌కై ఇచ్చే మాత్రలు అన్నంతోపాటు వేసుకొంటేనే పని చేస్తాయి. మధుమేహం కూడ ఉన్నవారు ఉపవాసముంటే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం వేరే ఉన్నది.

మరి వ్రతం? అశక్తుని వ్రతాన్ని భార్య, కుమారుడు, సోదరుడు ప్రతినిధిగా ఆచరించవచ్చునని నిబంధన గ్రంథాలు చెబుతున్నాయి. మా తమ్ముని పేర సంకల్పం చెప్పి అతని కుమారుడు ఏకాదశి ఉంటున్నాడు. ప్రసాదం విషయమూ అంతే. ఏకాదశినాడు శ్రాద్ధం వచ్చినప్పుడు శ్రాద్ధశేషాన్ని తినకుండ ఆఘ్రాణిస్తే చాలునని ధర్మశాస్త్రం. తినరాని చోట ఆఘ్రాణమే స్వీకారమైనప్పుడు, రోగి ప్రసాదాన్ని కళ్లకద్దుకొని, మెతుకంత నోట వేసుకొని, మిగిలినది మనుమనికి ఇస్తే అపచారమెట్లా అవుతుంది?

కంకణం, యాత్ర

డయాలిసిస్ కొరకు చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా అమర్చుతారు. ఆ చేతి మీద వ్రేలు పెడితే సన్నని కంపనం తెలుస్తుంది. అది రోజూ చూసుకోవలెను. తెలియకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను. ఆ చేతికి కంకణం గాని, తోరం గాని, రక్ష గాని కట్టకూడదు. గడియారం, బిగుతైన గాజులు, బరువైన సంచి కూడదు. రక్తపోటు చూడడం, రక్తం తీయడం ఆ చేతి నుండి జరుగరాదు. కుడిచేతనే ఫిస్టులా ఉంటే ఎడమ చేతికి కట్టమని అర్చకులను అడగడానికి సంకోచించవద్దు.

యాత్రకై డయాలిసిస్ ఒక్కటి కూడ మానరాదు. వెళ్లే ఊరిలో కేంద్రాన్ని ముందుగా మాట్లాడుకొని, హెపటైటిస్, ఎచ్.ఐ.వి. పరీక్షల నివేదికలు, చికిత్స వివరాలు వెంట తీసుకొని వెళ్లవలెను. ఉదరం ద్వారా డయాలిసిస్ చేసుకొనేవారికి ఆహారపు కొలతలు కొంత వేరు. ఎవరైనా సరే, నా వ్యాసం చదివి కాక, తమ నెలవారీ రక్తపరీక్ష చూసిన వైద్యుని మాట ప్రకారమే కొలతలు నిర్ణయించుకోవలెను. గురువచనమని శాస్త్రం చెప్పినది ఇక్కడ అదే.

దాతలకు ఒక మనవి

డయాలిసిస్ ఖర్చును తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ భరిస్తున్నాయి. 2016లో కేంద్రం ప్రకటించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమం క్రింద జిల్లా ఆసుపత్రులలో యంత్రాలు వచ్చినవి. అయినను రోగికి మిగిలే భారం తక్కువ కాదు. వారానికి మూడు రోజులు బస్సు ఛార్జీ, తోడు వచ్చినవారి కూలి నష్టం, ఇద్దరికీ ఆ పూట భోజనం ఎవరిస్తారు? రోగులను చూడవచ్చేవారు వాడుక కొద్దీ కొబ్బరిబోండాలు, పండ్లబుట్టలు తెస్తారు. ఆ ధనంతో ఒక రోగికి నెల రోజుల ప్రయాణపు ఖర్చు ఇస్తే అది సార్థకమైన దానం. అన్నదాన సత్రాలలో ఉప్పు తక్కువగా, కొబ్బరి లేకుండ, వార్చిన కూరతో ఒక చిన్న పంక్తి వేరుగా ఏర్పరిస్తే మరింత పుణ్యం. పాత్రత తెలిసి చేసిన దానమే దానం. రోగి విషయంలో పాత్రత తెలియడమంటే అతని పథ్యం తెలియడమే.

స్వస్తి.