తేలిక బరువుతో మొదలుపెట్టే ధైర్యం

కొత్తగా జిమ్‌లో చేరినవాళ్ళు మొదటి నెలంతా తమ శక్తికి బాగా తక్కువైన బరువులే ఎత్తాలని నా గట్టి నమ్మకం. ప్లేట్లు తగిలించే పెద్ద రాడ్డు ఒక్కటే 20 కిలోలుంటుంది. చాలామందికి మొదటిరోజున ఆ ఖాళీ రాడ్డు చాలు. కొందరికి అదీ ఎక్కువే, రెండున్నర కిలోల డంబెల్స్‌తో మొదలుపెట్టాలి. వినడానికి ఇదేమంత కష్టంగా తోచదు. కానీ సాయంత్రం ఏడింటికి నిలువుటద్దాల ముందు నిలబడి, పక్కన ఓ కుర్రాడు అరవై కిలోలు అవలీలగా ఎత్తుతుంటే, చేతిలో చిన్న డంబెల్ పట్టుకుని తల ఎత్తుకుని ఉండటానికి మనసు దిటవు కావాలి. జిమ్‌లో కండ కంటే ముందు తయారవాల్సింది ఆ దిటవే.

ఎందుకింత నెమ్మది అంటే, శరీరంలో అన్నీ ఒకే వేగంతో మారవు. మొదటి కొన్ని వారాల్లో బలం చకచకా పెరుగుతుంది. అది కండ పెరగడం వల్ల వచ్చిన బలం కాదు. ఉన్న కండనే పూర్తిగా, ఒక వరసలో పనిలోకి దించడం మెదడూ నరాలూ నేర్చుకుంటాయి. కండ కంటికి కనిపించేంతగా పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కండను ఎముకకు కలిపి ఉంచే టెండన్లు అంతకంటే నిదానంగా గట్టిపడతాయి. మూడో వారంలో "నాకు వచ్చేసింది" అనుకుని ప్లేట్లు పెంచినవాళ్ళకు రెండో నెలలో భుజం పట్టేయడం, మోకాలు కలుక్కుమనడం ఇందుకే. అక్కడితో మానేసి, "బరువులు నాకు పడవు" అని జీవితాంతం చెప్పుకుంటారు. బరువులు పడకపోవడం కాదది, తొందరపడటం.

బరువును కొద్దికొద్దిగా పెంచుతూ పోవడమనే పద్ధతికి వైద్యశాస్త్రంలో చోటు సంపాదించినవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులతో ఆసుపత్రులు నిండిపోయాయి. మోకాలి దెబ్బలతో తొడ కండరాలు కరిగిపోయినవాళ్ళ చేత అప్పటిదాకా తేలికైన కసరత్తులు లెక్కలేనన్నిసార్లు చేయించేవారు. డిలోర్మ్ రెప్స్, అంటే ఎత్తి దించే సార్లు, తగ్గించి, బరువును క్రమంగా పెంచుతూ పోయాడు. ఫలితాలను 1945లో ప్రచురించాడు. ఆ తరువాత ఆయన ఖరారు చేసిన పద్ధతిలో పదేసి రెప్స్ చొప్పున మూడే సెట్లు: పదిసార్లు ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సగంతో మొదటిది, ముప్పాతికతో రెండోది, పూర్తి బరువుతో మూడోది. ఇవాళ మన వీధి చివరి జిమ్‌లో ట్రైనర్ "మూడు సెట్లు, పది రెప్స్" అంటే, ఆ మాట వెనక మళ్ళీ నడవాలని తపించిన సైనికులున్నారు. సరిగ్గా చేస్తే నడక తెప్పించే వైద్యం ఇది. దీన్ని మగతనం పరీక్షగా మార్చుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక ఏం చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం రెండు రోజులు ఒంట్లోని ముఖ్యమైన కండరాలన్నిటికీ పని చెప్పాలి. నడక, సైకిల్ లాంటివి వారానికి 150 నుంచి 300 నిమిషాలు దీనికి అదనం. అంటే రోజూ జిమ్‌కు వెళ్ళక్కర్లేదు. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు, ముప్పావుగంట చాలు. "ఇవాళ ఛాతీ, రేపు చేతులు" అంటూ ఒళ్ళంతా వాటాలు వేసుకోవడం కొత్తవాళ్ళకు అనవసరం. ప్రతిసారీ కూర్చుని లేచే కసరత్తు ఒకటి, ముందుకు నెట్టేది ఒకటి, వెనక్కి లాగేది ఒకటి, నడుము దగ్గర వంగి ఎత్తేది ఒకటి చేయండి. జిమ్ భాషలో స్క్వాట్, ప్రెస్, రో, డెడ్‌లిఫ్ట్. చివర్లో రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నాలుగు అడుగులు నడవండి. రెండు చేతుల్లో కూరగాయల సంచులు మోస్తూ మూడంతస్తులు ఎక్కే రోజున దాని విలువ తెలుస్తుంది.

జిమ్ అందుబాటులో లేకపోతే గుంజీళ్ళతో, గోడకు చేతులానించి తీసే దండీలతో మొదలుపెట్టవచ్చు. బడిలో శిక్షగా తీయించారు కాబట్టి గుంజీళ్ళంటే మనకు చిన్నచూపు ఏర్పడింది. తొడలకూ పిరుదులకూ అంతకు మించిన తొలి వ్యాయామం లేదు. ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్ నిండుగా ఉంటే ఐదు కిలోలు, డంబెల్‌తో సమానమే.

ప్రతి సెట్టూ ఇంకో రెండు మూడు రెప్స్ తీయగలననిపించినప్పుడే ఆపేయండి. ఊపిరి బిగబట్టవద్దు, ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు తీసుకోండి. ఒళ్ళునొప్పులు మర్నాడో మూడోనాడో ఎక్కువవుతాయి, వాటంతటవే తగ్గుతాయి. కీలు దగ్గర సూదిలా గుచ్చే నొప్పి వేరు, దాంతో పంతానికి పోకూడదు. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళూ, షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్ళూ ముందు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి. ఇది మొక్కుబడి హెచ్చరిక కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు బరువులెత్తిన రోజున షుగర్ పడిపోవచ్చు, మందు మోతాదు చూసుకోవాలి.

ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కోమని అందరికీ చెబుతాను. తేదీ, కసరత్తు, బరువు, రెప్స్, అంతే రాయాలి. పక్కవాడి బరువుతో పోల్చుకునే అలవాటు మనకు చిన్నప్పుడు మార్కుల దగ్గర మొదలై, జీతాల దగ్గర, ఇళ్ళ దగ్గర, పిల్లల ర్యాంకుల దగ్గర కొనసాగుతుంది. ఆ పుస్తకంలో పక్కవాడికి చోటుండదు. పోయిన మంగళవారం పది కిలోలతో ఎనిమిది రెప్స్, ఇవాళ తొమ్మిది. ఆ ఒక్కటి ఎవరి కంటా పడదు, ఎవరూ మెచ్చుకోరు. మీకు తెలుసు. ఎవరూ చూడని మెరుగుదలతో తృప్తి పడటం అలవాటైన మనిషి ఆఫీసులోనూ ఇంట్లోనూ వేరుగా మసలుతాడు. మాటకు రెచ్చిపోడు, ప్రతిదానికీ సాక్ష్యం వెతుక్కోడు. వ్యక్తిత్వ వికాసం గురించి నాకు తెలిసిన అన్ని ఉపన్యాసాల కంటే ఆ నోటుబుక్కు మీదే నాకు గురి ఎక్కువ.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. మనకు గుర్తున్నది పతకంతో దిగిన ఫొటో. కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర ఆమె సాధన మొదలుపెట్టింది పన్నెండేళ్ళ వయసులో. నడుమ పదమూడేళ్ళున్నాయి. ఆ విద్యలో కదలిక తప్పుగా ఉంటే బరువు పెరగదు, కాబట్టి ఎంత గొప్ప లిఫ్టరైనా రోజూ సాధన మొదలుపెట్టేది ఖాళీ రాడ్డుతోనే. మనం చేరిన మొదటివారంలోనే దాన్ని నామోషీ అనుకుంటే ఎలా?

మల్లీశ్వరి పేరు ఎత్తాను కాబట్టి ఆడవాళ్ళకు ఒక మాట. "బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతానేమో" అన్న భయం వదిలేయండి. వారానికి మూడు రోజుల సాధనతో అలాంటి కండలు రావు, వాటికి ఏళ్ళ కఠోర శ్రమ కావాలి. వచ్చేది గట్టి ఎముక. ముట్లుడిగాక ఆడవాళ్ళ ఎముకలు వేగంగా పలచబడతాయి. ముప్ఫైల్లో, నలభైల్లో ఎత్తిన బరువు అప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు పళ్ళెం దగ్గరికి వద్దాం, కానీ ముందుగా ఒక ఫొటో సంగతి. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువును లెక్కకట్టే బీఎమ్ఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన సంగతంతా ఆ ఫొటోలో ఉంది. సన్నగా కనిపిస్తాం, కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్దవాటాను దాచుకునేది కండరాలే. ఆ కొట్టు చిన్నదైతే చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. "నేను లావుగా లేనుగా, నాకెందుకు జిమ్" అనేవాళ్ళు ఈ ఫొటో గురించి ఒకసారి ఆలోచించాలి.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో తిండి నుంచి మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది. పప్పులు, మాంసం, చేపలు కలిపి 14 శాతం ఇవ్వాల్సింది 6 నుంచి 9 శాతమే ఇస్తున్నాయి. అంటే రోగం అన్నంలో లేదు, పాళ్ళలో ఉంది. కొత్తగా చేరిన ఉత్సాహంలో "అన్నం మానేశాను" అని ప్రకటించేవాళ్ళను చూస్తే నాకు దిగులు. రెండు వారాలకు ఆవకాయ, ముద్దపప్పు, నెయ్యి ముందు ఆ ప్రతిజ్ఞ నిలవదు. నిలవనందుకు తమను తాము తిట్టుకుని జిమ్ కూడా మానేస్తారు. ఇక్కడా తేలిక బరువుతోనే మొదలుపెట్టాలి. వడ్డించుకునే వరస మార్చండి. ముందు కూర, పప్పు పళ్ళెంలో పడాలి, మిగిలిన చోటే అన్నానికి. మొదటి నెలకు ఈ ఒక్క మార్పు చాలు.

ప్రొటీన్ లెక్క కూడా చెప్పుకుందాం. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములని ఆ సంస్థ లెక్క. బరువులెత్తేవాళ్ళకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా చెబుతుంటారు. అరవై కిలోల మనిషికి కనీసం డెబ్భై రెండు గ్రాములనుకోండి. గుడ్డులో ఆరు గ్రాములు. వంద గ్రాముల పెసల్లో ఇరవై నాలుగు, కాబట్టి అరవై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు పద్నాలుగిస్తాయి. గట్టిపప్పు ఒక కప్పు ఎనిమిది, పెరుగు కప్పు ఐదు, గుప్పెడు వేరుశనగలు ఏడు. వంద గ్రాముల వండిన కోడి మాంసమో చేపో పాతిక. రోజుకు తినే అన్నం నుంచి మరో పది. ఇల్లు దాటకుండానే సరిపోయింది. శాకాహారులు మాంసం చోట పనీర్, మీల్‌మేకర్, సెనగల గుగ్గిళ్ళు సర్దుకోవాలి. కాకపోతే పప్పుచారును పప్పు లెక్కలో, ఉలవచారును ఉలవల లెక్కలో వేయకండి. వాటిలో ఎక్కువగా ఉండేది నీళ్ళే. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టర్ చెప్పకుండా ప్రొటీన్ పెంచకూడదు.

ప్రొటీన్ పొడి డబ్బాల గురించి చేరిన మొదటిరోజే జిమ్‌లో చెప్పడం మొదలుపెడతారు. కండ పెంచడానికి అవి వద్దనే పోషకాహార సంస్థ అంటోంది. కొత్తవాళ్ళకు వాటి అవసరం నాకూ కనిపించదు, ఆ డబ్బుతో నెలంతా గుడ్లూ పెరుగూ వస్తాయి. ఎవరైనా "త్వరగా బాడీ రావాలంటే" అంటూ ఇంజెక్షన్ మాట ఎత్తితే ఆ జిమ్‌కు మర్నాటి నుంచి వెళ్ళకండి. కట్టిన ఫీజు పోతే పోనివ్వండి. స్టెరాయిడ్లు గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి, పిల్లలు పుట్టే శక్తిని హరిస్తాయి.

సంక్రాంతికి ఊరెళ్ళి వారం పది రోజులు తప్పిపోతే? పోతుంది, అందరికీ పోతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 2009లో వెలువరించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. అందులో నాకు నచ్చిన సంగతి, మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు ఏర్పడే తీరు పెద్దగా దెబ్బతినలేదు. తప్పిన రోజు కంటే, తప్పినందుకు సిగ్గుపడి మరో నెల మొహం చాటేయడమే ఎక్కువ నష్టం. తిరిగొచ్చిన రోజున నోటుబుక్కులో పాత అంకె చూసి అక్కడి నుంచే ఎత్తబోకండి. రెండు మెట్లు దిగి మొదలుపెట్టండి, రెండు వారాల్లో పాతచోటికి వస్తారు.

మూడు నెలలు నిలబడ్డాక, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల సంగతి చూడండి. ముప్ఫైలు దాటాక కండ ఏటా కొద్దికొద్దిగా తరుగుతుంది, అరవై దాటాక ఆ తరుగుదల వేగం పెరుగుతుంది. చేతులతో ఆనుకోకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారేమో గమనించండి. లేవలేకపోతే కుర్చీని గోడకానించి, రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, పక్కన నిలబడి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. వారానికి మూడు రోజులు చాలు. సులువయ్యాక ఒక దిండు తీసేయండి. ఆ తేదీ కూడా ఎక్కడైనా రాసిపెట్టండి, రెండో దిండు తీసే రోజున వాళ్ళకు చూపించవచ్చు.